బందరు టేబుళ్ళ మీద వదిలేసిన పుస్తకాలు

కృష్ణా జిల్లా వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ రెండే ప్రశ్నలు అడిగారు. బెజవాడలో అమ్మవారిని చూశారా? బందరు లడ్డూలు తెచ్చారా? అమ్మవారి దర్శనం కాలేదు. లడ్డూలు తెచ్చాను గానీ రైలు గుంతకల్లు చేరేలోపే సగం పొట్లం ఖాళీ అయింది. దానికి బాధ్యురాలిని నేనే, తోటి ప్రయాణికుల మీద నెట్టను. వెళ్ళింది లైబ్రరీలు చూడటానికని చెబితే మా పక్కింటావిడ, "లైబ్రరీలో పనిచేస్తూ, సెలవు పెట్టి మరీ లైబ్రరీలు చూసొచ్చారా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ నవ్వడంలో తప్పులేదు.

నేను రాయలసీమలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో డిప్యూటీ లైబ్రేరియన్ని. మా భవనం పై అంతస్తులో పాత పుస్తకాల హాలు ఒకటుంది. జిల్లాల వివరాలన్నీ రాసి ఉంచిన పాత గెజిటీర్లు, మొక్కల మీదా రాళ్ళ మీదా పంటల మీదా వచ్చిన పాత గ్రంథాలు, మళ్ళీ అచ్చుకాని నిఘంటువులు అక్కడ ఉంటాయి. వాటిని ఇంటికివ్వం, అక్కడే కూర్చుని చదువుకోవాలి. కంప్యూటర్లు అప్పుడప్పుడే లైబ్రరీల్లోకి వస్తున్న రోజులవి. వాటికి చోటు కావలసి వచ్చింది. ఎవరూ వాడని పుస్తకాలకు అంత పెద్ద హాలెందుకు, పాత హాస్టలు షెడ్డులోకి మారుద్దామని ఒక కమిటీ వేశారు. ఆ షెడ్డు చినుకు పడితే చాలు కారుతుంది. అందులోకి వెళ్ళిన పుస్తకం ఇక పుస్తకం కాదని మా అందరికీ తెలుసు.

ఎవరూ వాడరని కమిటీకి చెప్పింది ఎవరయ్యా అంటే, నేనే. ఏడేళ్ళుగా ఏటా నివేదికలో ఆ హాలు పేరుకి ఎదురుగా "వాడకం: లేదు" అని రాసి సంతకం పెడుతున్నాను. ఇంటికిచ్చిన పుస్తకాలనే మేం లెక్కిస్తాం. ఆ హాల్లోంచి ఏదీ ఇంటికి వెళ్ళదు. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి పైకెళ్ళి చూస్తే టేబుళ్ళు అద్దంలా ఉంటాయి. మధ్యాహ్నాలు కొందరు పిల్లలు వస్తారని తెలుసు, ఫ్యాను కింద నోట్సు రాసుకోవడానికని అనుకునేదాన్ని.

కృష్ణా జిల్లా కాలేజీల్లో కొందరు లైబ్రేరియన్లు పాత పుస్తకాలను కూడా జనం చేత చదివిస్తున్నారని ఒక శిక్షణ తరగతిలో విన్నాను. ఆ కిటుకులేవో నేర్చుకుని, నెలాఖరున కమిటీ కూర్చునేలోపు వచ్చి హాలుని ఎలాగైనా నిలబెట్టుకోవాలని నా ఆశ. మా లైబ్రేరియన్ గారు వారం సెలవిచ్చి, "చూసి రండి, పోయేదేముంది" అన్నారు. ఆ మాటలో నమ్మకం పాలు తక్కువే.

ఉయ్యూరు మీదుగా

శనివారం తెల్లవారాక బెజవాడలో రైలు దిగి బస్సెక్కాను. నీళ్ళ విషయంలో నేను పుట్టు పిసినారిని. మా ఊళ్ళో బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకి పోస్తాం, మొక్కలకి పోయగా మిగిలింది గేదెకి. ఇక్కడ కాలవ రోడ్డు పక్కనే, మనతోపాటు వస్తూనే ఉంటుంది. కాలవ గట్టున ఒకావిడ ఒక్క ఇత్తడి చెంబు తోమడానికి ఆరుసార్లు నీళ్ళు పారబోసింది. బస్సు ఆగినంతసేపూ లెక్కపెట్టాను. గుండె తరుక్కుపోయింది.

ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు అడ్డం వచ్చి బస్సు నిలిచిపోయింది. పంచదార ఫ్యాక్టరీ నుంచి మడ్డి వాసన, తియ్యగానూ కుళ్ళుగానూ కలిసి, కిటికీలోంచి లోపలికి కొట్టింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే పక్క సీటులో పెద్దాయన నవ్వాడు.

"ఎక్కడి నుంచండీ తమరు?"

"అనంతపురం వైపు నుంచండీ."

"అదీ సంగతి! ఈ వాసన లేకపోతే మాకు ఊరు దాటేమో ఏవిటోనని అనుమానం వస్తదండి" అని, ముందున్న ట్రాక్టరులోంచి ఎవరో లాగిన చెరుకుగడలో ఒక ముక్క విరిచి నా చేతిలో పెట్టాడు. పామర్రులో బస్సు మారేదాకా నములుతూనే ఉన్నాను. పిప్పి ఎక్కడ ఊయాలో తెలియక చేతిసంచిలో దాచుకున్నాను.

గుడివాడ

గుడివాడలో నేను చూసింది ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీ. గది చిన్నది, కిటికీలు పెద్దవి. లైబ్రేరియన్ కోటేశ్వరరావు గారు బక్కపలచని మనిషి. కుర్చీలో నేను కూర్చోకముందే పెసరట్టు ఉప్మా తెప్పించారు. "తిన్నాకే మాట్లాడుకుందామండీ, ఖాళీ కడుపుతో లైబ్రరీ చూస్తే అన్నీ లోపాలే కనిపిస్తాయి" అన్నారు. మా వైపు అతిథికి ముందు మంచినీళ్ళిస్తాం. ఇక్కడ నీళ్ళకు లోటు లేదు కాబట్టి కాబోలు, తిండితో మొదలుపెడతారు.

వాకిట్లోనే నడుమెత్తు బీరువా ఒకటి పెట్టి, దాని మీద "ఇప్పుడే వచ్చినవి" అని అట్టముక్క అంటించారు. కొత్త పుస్తకాలనుకున్నాను. కాదట. పిల్లలు చదివి తిరిగిచ్చిన పుస్తకాలు. వాటిని వెంటనే లోపల సర్దకుండా ఒక రోజు అక్కడే ఉంచుతారు. నేను నిలబడ్డ అరగంటలో ఎనిమిదిమంది పిల్లలు వచ్చారు. వాళ్ళలో ఆరుగురు లోపలి బీరువాల జోలికే పోలేదు, ఆ అట్టముక్క కిందే వెతుక్కుని వెళ్ళారు.

"ఒక మనిషి చేతిలోంచి వచ్చిన పుస్తకం మీదే ఇంకో మనిషి చెయ్యి పడుతుందండీ. లోపల వరసలో పెట్టేశామంటే దాని మొహం ఎవరు చూస్తారు?" అన్నారాయన.

ఆ ఉపాయం నాకెందుకు తట్టలేదా అని సిగ్గేసింది. నోట్‌బుక్కులో రాసుకున్నాను. కానీ ఇంటికివ్వని పుస్తకాలకు ఇది పనికిరాదు కదా అని నా హాలు సంగతి చెప్పాను. ఆయన, "ఆ లెక్క నాకు రాదండీ. బందరు కాలేజీ లైబ్రరీలో వీరభద్రం గారిని చూడండి. కాస్త చాదస్తం మనిషి, మీరేం అనుకోకపోతే" అన్నారు.

బందరు, ఆదివారం

గుడివాడ నుంచి బందరుకి పాసింజరులో వెళ్ళాను. మచిలీపట్నం అని టికెట్టు మీదా, స్టేషను బోర్డు మీదా ఉంటుంది గానీ, ఆ పేరు పలికిన మనిషి ఒక్కరూ నాకు కనపడలేదు. లాడ్జిలో సామాను పడేసి, మర్నాడు ఆటోలో మంగినపూడి వెళ్ళాను. ఆటో అతను రానూపోనూ అరవై అడిగితే నలభైకి బేరమాడి, చివరికి అతను నన్ను ఎండలో రెండు గంటలు ఓపిగ్గా కాచుకుని ఉండటం చూసి అరవై ఇచ్చాను.

సముద్రం చూడటం నా జీవితంలో అది మూడోసారి. ఇసక నల్లగా ఉంది, నీళ్ళు చాలాదూరం మోకాళ్ళు దాటవు. ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు నన్ను చూసి, చీర పైకెత్తి పట్టుకున్న తీరుకి పడీపడీ నవ్వారు. "ఏమ్మా, కాలవ దాటుతున్నావా?" అంది ఒకామె. నవ్వులు అయ్యాక తన పక్కన చోటిచ్చి కూర్చోబెట్టింది. ఏ చేప ఎన్నాళ్ళు ఎండాలో అడిగితే గడగడా చెప్పింది. లైబ్రరీలో అంత స్పష్టంగా జవాబు చెప్పే మనిషిని నేను ఎక్కువగా చూడలేదు.

బందరు, సోమవారం

ఇక నా ఘనకార్యం చెప్పాలి. కోటేశ్వరరావు గారు ఫోను చేస్తే వీరభద్రం గారు పది గంటలకి రమ్మన్నారు. నేను తొమ్మిదికే వెళ్ళాను. ఊడుస్తున్న ఆయమ్మ తలుపు తీసి, కుర్చీ చూపించి తన పనిలో పడింది. పెద్ద హాలు, పొడుగాటి టేబుళ్ళు. ఆ టేబుళ్ళ నిండా పుస్తకాలు. కొన్ని తెరిచే ఉన్నాయి, కొన్ని బోర్లా పడి ఉన్నాయి. శనివారం సాయంత్రం వదిలేసి వెళ్ళినట్టే ఉంది. నాకొక జబ్బుంది, చిందరవందర టేబులు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఎంత పెద్దాయన అయినా ఇదేం నిర్వాకం అనుకున్నాను. పోనీ పాపం, మనుషులు చాలక అయి ఉంటుంది, చేతనైన సాయం చేద్దామని కొంగు బిగించాను.

పది కొట్టేసరికి ఒక్క పుస్తకం టేబుల్ మీద లేదు. ప్రతిదీ నంబరు వరసలో దాని చోటికి చేరింది. వీరభద్రం గారు లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, టేబుళ్ళ వైపు చూసి అక్కడే నిలబడిపోయారు.

"సింహాచలం! పుస్తకాలేవి?"

"ఆఫీసరమ్మ గారు సర్దేశారండి. తనిఖీ కాబోలనుకున్నాను" అంది ఆయమ్మ చీపురు కిందపెట్టి.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. జేబులోంచి పెన్సిల్ తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. తర్వాత నాలుగైదు బీరువాలు తెరిచి చూసి, "ఒక్కటీ తప్పు చోట పెట్టలేదండీ మీరు. కాస్త తప్పుగా పెట్టినా పట్టుకునేవాణ్ణి" అన్నారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నా పనికి అంత మెప్పు రాలేదు, అంత బాధా కలగలేదు.

ఆయన పద్ధతి ఇది. ఆ హాల్లో చదివినవాళ్ళు పుస్తకం టేబుల్ మీదే వదిలేసి వెళ్ళాలి. మర్నాడు పొద్దున ఆయనే ఒక్కొక్కటీ తీసి, వెనక అట్ట లోపల పెన్సిలుతో ఒక గీత గీస్తారు. ఆ తర్వాతే బీరువాలోకి. ఒక పాత వృక్షశాస్త్ర గ్రంథం తీసి చూపించారు. ఇంటికిచ్చిన తేదీలు వేసే చీటీ తెల్లగా ఉంది, ఒక్క ముద్ర లేదు. దాని కింద, ఐదేసి చొప్పున కట్టలు కట్టిన పెన్సిలు గీతలు అట్టంతా నిండిపోయి, పక్క పేజీలోకి పాకాయి.

"చీటీని నమ్మితే ఇది చచ్చిన పుస్తకం. గీతలు చూస్తే మా హాల్లో దీనంత బతికిన పుస్తకం లేదండీ" అన్నారు.

ఆ పుస్తకం మూసి టేబుల్ మీద పెట్టాను. మా హాలు, మా టేబుళ్ళు, రోజూ నేను పొద్దున చూసి తృప్తిపడే ఆ శుభ్రం కళ్ళముందుకి వచ్చాయి. "సాయంత్రం ఐదు కొట్టేసరికి టేబుళ్ళ మీద ఒక్క పుస్తకం ఉండకూడదు" అని ఉత్తర్వు వేసి గోడకి అంటించింది నేనే. అంటించి ఏడేళ్ళయింది.

అసలు చిక్కు ఇంకా ఉంది. వారమంతా కాలేజీ పిల్లలే వచ్చినా, శనివారం మాత్రం వీరభద్రం గారు బయటివాళ్ళని కూడా రానిస్తారు. కార్డు అక్కర్లేదు, గుమ్మం దగ్గర నోట్‌బుక్కులో పేరూ ఊరూ రాస్తే చాలు. బయటివాళ్ళు వచ్చి చేసేదేముంది, పేపరు చదివి పోతారు, శనివారం మూసేద్దామని ప్రిన్సిపాల్ గారు అంటున్నారట. వాళ్ళేం చదివారో సోమవారం చూపిస్తానని ఈయన మాటిచ్చారు. ఆ రుజువంతా నేను బీరువాల్లో పెట్టేశాను. పిలవని పేరంటానికి వెళ్ళి, పెళ్ళివారి వంట చెడగొట్టినట్టయింది నా పని.

"గడువు అడగండి. వాళ్ళ దగ్గరికి నేను వెళ్ళి అడుగుతాను" అన్నాను.

"మీరా? అతిథులండీ!"

"అతిథి చేసిన పనేనా ఇది?"

ప్రిన్సిపాల్ గారు గురువారం దాకా ఆగుతానన్నారు. నోట్‌బుక్కులో శనివారం పేర్లు ఏడున్నాయి. ఐదుగురు బందరువాళ్ళే. ఆ రోజంతా సింహాచలాన్ని వెంటబెట్టుకుని వీధివీధీ తిరిగాను. సముద్రపు గాలి ఉప్పు, చెమట ఉప్పు కలిసి చర్మం మండింది. హోమియో డాక్టరు ఒకాయన, రిటైరైన లెక్కల మాస్టారు, పడవలు చేసే వడ్రంగి మేస్త్రి, ఇద్దరు టీచర్లు. "శనివారం మీరేం చదివారండీ?" అని వాకిట్లో నిలబడి అడిగితే మొదట అందరూ బెదిరారు. పుస్తకం ఏదైనా పోయిందేమో, దొంగతనం అంటగడతారేమోనని. తర్వాత కుర్చీ వేశారు. ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చారు, రెండిళ్ళలో లడ్డూ కూడా. పుస్తకం పేరు, ఏ పేజీ, ఎందుకోసం అని మూడు ముక్కలు రాయించుకుని సంతకం తీసుకున్నాను. ఎందుకోసం అనే ప్రశ్న నేనే కలిపాను, ఊరికే తెలుసుకోవాలనిపించి.

పెడన

ఆరో పేరు నాంచారయ్య, పెడన. మంగళవారం వెళ్ళాను. ఆ ఊళ్ళో సందు సందునా రంగుబట్టలు ఆరేసి ఉంటాయి. నాంచారయ్య కలంకారీ అద్దకం పనివాడు, యాభై దాటిన మనిషి. పొడుగాటి బల్ల ముందు నిలబడి, చెక్క అచ్చుని రంగులో అద్ది బట్ట మీద పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తున్నాడు. చెయ్యి ఆపకుండానే నా మాట విన్నాడు.

"నేను చదవలేదండీ. నాకు అక్షరాలు అంతంతమాత్రం. బొమ్మ చూశాను."

"ఏం బొమ్మ?"

అతను లోపలికెళ్ళి అరిగిపోయిన అచ్చు ఒకటి తెచ్చాడు. వాళ్ళ తాత నాటిదట. అందులో పువ్వు అంచులు కరిగిపోయి ముద్దలా ఉంది. కొత్త అచ్చు చెక్కించాలి. చెక్కేవాడు రేకులు ఎన్ని, అంచు నొక్కులా నునుపా అని అడుగుతున్నాడు. ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. "అందుకని వీరభద్రం గారిని అడిగితే లావుపాటి మొక్కల పుస్తకం ఇచ్చారండి. మూడు శనివారాలు తిరగేశాను. మొన్న దొరికింది" అంటూ పేపరు ముక్క మీద గీసుకున్న పువ్వు చూపించాడు. గీత ఎక్కడా తడబడలేదు.

"చదవకుండా బొమ్మ చూస్తే, దాన్ని చదివినట్టు రాస్తారాండీ?" అని అనుమానంగా అడిగాడు.

"రాస్తాను" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. వంగి ఆ కాగితం రాస్తుంటే కొంగు వెళ్ళి, రంగు పట్టడానికి బట్ట నానబెట్టే కరక్కాయ నీళ్ళ తొట్టిలో పడింది. తెల్లచీర కొంగు పసుపుపచ్చగా మారింది. నాంచారయ్య భార్య పరుగెత్తుకొచ్చి, "ఇది పోదండీ. పోనీ మా గుర్తుగా ఉంచేసుకోండి" అంది. ఆ చీర ఇప్పటికీ కడుతున్నాను.

దివిసీమ

ఏడో పేరు నాగమణి, నాగాయలంక. బుధవారం చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా బస్సులు మారుతూ వెళ్ళాను. దివిసీమలో భూమి కంటే ఆకాశమే ఎక్కువనిపించింది. పొలాలు అయిపోయిన చోట ఉప్పునేల, అది అయిపోయిన చోట నీళ్ళు. బస్సులో పెద్దవాళ్ళు ఏ సంగతి చెప్పినా "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తర్వాత" అని చెబుతారు. మా వైపు కరువుల పేర్లతో కాలం చెప్పుకుంటాం. వాళ్ళకు నీళ్ళు ఎక్కువై, మాకు లేకపోయి, ఇద్దరమూ అలా లెక్కపెట్టుకుంటున్నాం.

నాగమణి సముద్రం మీద వేటకెళ్ళే ఇంటి పిల్ల. జంతుశాస్త్రంలో డిగ్రీ చేసి, ఊళ్ళో చిన్న బడిలో టీచరుగా పనిచేస్తోంది. నేను వెళ్ళేసరికి వాళ్ళ నాన్న వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. భోజనం వేళకి బడి నుంచి వచ్చిన నాగమణి సంగతి విని లోపలి నుంచి డ్రాయింగు పుస్తకం తెచ్చింది. పేజీ పేజీకీ ఒక చేప. కింద ఇంగ్లీషు పేరు, దాని కింద ఇక్కడివాళ్ళు పిలిచే పేరు.

"మా పిల్లలకి పాఠంలో ఉన్న చేపలేవీ తెలియవండీ. వాళ్ళకి తెలిసిన చేపలేవీ పాఠంలో లేవు. అందుకని ఇది తయారుచేస్తున్నాను. బందరు లైబ్రరీలో పాత చేపల పుస్తకం ఉంది, రంగుల బొమ్మలతో. దాన్ని ఇంటికివ్వరు కదండీ. అక్కడే కూర్చుని గీసుకుంటాను. ఇక్కడికి తెచ్చి నాన్నకి చూపిస్తే పేర్లు చెప్తాడు."

"పేర్లేనా? తప్పులు చెప్పట్లేదా నేను?" అన్నాడు తండ్రి వల మీద నుంచి కళ్ళెత్తకుండానే. "ఆ జెల్లకి మీసాలు తక్కువ గీశారండి ఆ పుస్తకంలో. ఎవరు గీశారో గానీ చేపని తిన్నాడు, చూడలేదు."

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. జెల్ల పులుసు. చేపని ముళ్ళు తీసి తినడం నాకు రాదు. ఒక ముల్లు గొంతులో పడితే, నాగమణి అమ్మ ఉత్త అన్నం ముద్ద మింగించి, వీపు మీద గట్టిగా ఒకటి చరిచింది. కళ్ళనీళ్ళు వచ్చాయి. అవి ముల్లు వల్లేనని వాళ్ళు అనుకున్నారు.

కాగితం మీద సంతకం చేస్తూ నాగమణి, "ఏడాది నుంచి వెళ్తున్నానండీ. ఎందుకు చదువుతున్నానో అడిగింది మీరొక్కరే" అంది.

ఇక దాచుకోవడం నావల్ల కాలేదు. "మా ఊళ్ళో కూడా నీలాంటి పిల్లలు ఉండే ఉంటారమ్మా. వాళ్ళెవరూ లేరని ఏడేళ్ళు రాసిచ్చాను నేను" అన్నాను. నాగమణి డ్రాయింగు పుస్తకం మూసింది. వాళ్ళ నాన్న వల పక్కన పెట్టి, "తెలిసింది కదండీ ఇప్పుడు" అన్నాడు.

తిరుగుదారిలో అవనిగడ్డలో ఎస్టీడీ బూతు కనపడగానే బస్సు వదిలేసి దిగాను. మా పాత హాల్లో పనిచేసే అటెండరు ఓబులేసుని ఫోనులోకి పిలిపించాను.

"ఓబులేసూ, రోజూ సాయంత్రం టేబుళ్ళ మీద నుంచి ఎన్ని పుస్తకాలు తీసి సర్దుతావు?"

"రెండు తోపుడుబండ్లు మేడం. పరీక్షలప్పుడు మూడు."

"ఏడేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు అడగల్యా గదా మేడం. టేబుళ్ళు ఖాళీగా ఉండాలంటిరి, ఖాళీ చేస్తాండా."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. చదివేవాళ్ళని ఎలా తెచ్చుకోవాలో నేర్చుకుందామని ఇంతదూరం వచ్చాను. వాళ్ళు మా మేడ మీదే ఉన్నారు. ఆ పూట నుంచి ఒక్క పుస్తకం కూడా సర్దొద్దని, పొద్దున ఒక్కొక్కదాని పేరూ రాసి పెట్టమని, వచ్చినవాళ్ళని ఎందుకోసం చదివారో ఒక ముక్క రాయమని అడగమని చెప్పాను. "అట్లనే మేడం. కానీ టేబుళ్ళు అసహ్యంగా ఉంటాయి" అన్నాడు. ఉండనీ అన్నాను.

గురువారం బందరులో ఏడు కాగితాలూ వీరభద్రం గారి చేతిలో పెట్టాను. ఆయన వాటిని తీసుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళారు. నేను వరండాలో, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లలా నిలబడ్డాను. అరగంట తర్వాత వచ్చారు.

"శనివారం ఉంటుందండీ. నాంచారయ్య కాగితం రెండుసార్లు చదివారు" అని, "నా గీతలు ఎన్నిసార్లో చెప్తాయి గానీ ఎందుకో చెప్పవు. ఇకనుంచి మీ ప్రశ్న కూడా కలుపుతాను" అన్నారు. ఏడు పుస్తకాలనీ తెప్పించి, నా ముందే ఒక్కొక్కదాని వెనకా గీత గీశారు. పద్ధతిలోనూ మర్యాదలోనూ ఆయనకి సాటి వచ్చే లైబ్రేరియన్ని నేను చూడలేదు. ఆయన్ని చాదస్తం మనిషి అన్నవాళ్ళకి నా మాటగా ఇది చెప్పాలి.

కమిటీ ముందు

నెలాఖరుకి మా టేబుళ్ళు నిండి ఉన్నాయి. ఓబులేసు రాసిన జాబితా, చదివినవాళ్ళు రాసిచ్చిన చీటీలు పట్టుకుని కమిటీ ముందు కూర్చున్నాను. వేరుశనగ తెగులు మీద పరిశోధన చేస్తున్న అబ్బాయి, తన ఊరి చెరువు ఒకప్పుడు ఎంత ఉండేదో పాత గెజిటీరులో వెతుకుతున్న రైతు, వాళ్ళమ్మ మాట్లాడే మాటల అర్థాలు నిఘంటువులో చూసుకుంటున్న తెలుగు ఎమ్మే అమ్మాయి. ఒక్కొక్కటే చదివాను.

ఛైర్మన్ గారు చివరిదాకా విని, నా పాత నివేదికలు ముందుకు జరిపారు. "మరి ఇవి? వాడకం లేదని ఏడేళ్ళు సంతకం పెట్టింది ఎవరు?"

రైల్లో వస్తూ ఈ ప్రశ్నకి రకరకాల జవాబులు కూడబలుక్కున్నాను. ఫారంలో ఆ గడి లేదని, ఇంటికిచ్చినవే లెక్కించాలని నిబంధన ఉందని. అవన్నీ నిజాలే. ఒక్కటీ నోటికి రాలేదు.

"నేనే సార్. చదివేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు చదివిన ఆనవాలు ఏ రోజుకారోజు నేనే తుడిపించాను" అన్నాను.

ఛైర్మన్ గారు నివేదికలు మూసి పక్కన పెట్టారు. తర్వాత నన్ను బయట కూర్చోమన్నారు. మళ్ళీ పిలిచి తీర్మానం చదివారు. తప్పుడు నివేదికలకు నాకు మెమో. పాత పుస్తకాల హాలు ఉన్నచోటే ఉంటుంది, హాల్లో చదివినవి కూడా ఇకనుంచి లెక్కలోకి వస్తాయి. కంప్యూటర్లకి చోటు మాత్రం కావాలి కాబట్టి, కింద అంతస్తులో ఉన్న డిప్యూటీ లైబ్రేరియన్ గదిని ఇవ్వాలి.

ఛైర్మన్ గారు కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "మరి మీరెక్కడ కూర్చుంటారమ్మా?"

"పైన సార్, చదివేవాళ్ళ దగ్గర" అన్నాను.